చేపల చెరువుల్లో రోగాలు, బయోసెక్యూరిటీ: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో చేపలు పెంచే మన తెలుగువాళ్ళు ఏటా అవే సందేహాలు అడుగుతున్నారు. చాలావరకు "ఏ మందు వెయ్యాలి?" అనే మొదలవుతాయి. "ఈ రోగం నా చెరువులోకి ఎలా వచ్చింది?" అని అడిగేవాళ్ళు తక్కువ. నిజానికి డబ్బు మిగిలేది ఆ రెండో ప్రశ్న దగ్గరే. రోగం కొత్తగా తెచ్చిన చేప పిల్లతో వస్తుంది, నీటితో వస్తుంది, అద్దె వలతో, డ్రమ్ముతో, ఐసు పెట్టెతో వస్తుంది. దాన్ని గట్టు దగ్గరే ఆపడాన్ని బయోసెక్యూరిటీ అంటారు. దానికయ్యే ఖర్చు, లోపలికి వచ్చాక పెట్టే మందుల ఖర్చులో ఏ మూలకూ రాదు. ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉండేలా రాశాను, అందుకే కొన్ని మాటలు రెండు మూడు చోట్ల కనిపిస్తాయి.

చెరువు తయారు చేసేటప్పుడు

చెరువు ఎండగట్టకపోతే నష్టమేంటి? మాకు నీళ్ళు దొరకడమే గగనం.

నీళ్ళ కష్టం నిజమే. కానీ రెండు మూడేళ్ళు ఎండ చూడని చెరువు అడుగున నల్ల బురద పేరుకుంటుంది. తినగా మిగిలిన మేత, చేపల మలం, చచ్చిన నాచు అంతా అందులోనే కుళ్ళుతుంది. బాక్టీరియాకి, పరాన్నజీవుల గుడ్లకి అదే ఇల్లు. ఏప్రిల్, మే ఎండలు మనకి ఉచితంగా దొరికే మందు. నేల నెర్రెలిచ్చి, నడిస్తే కాలు దిగబడనంత వరకు ఎండనివ్వండి. నల్ల బురద బాగా మందంగా ఉంటే పైపొర తీయించి పొలానికి తోలండి, అక్కడ అది మంచి ఎరువు. ఏటా కుదరకపోతే రెండేళ్ళకోసారైనా ఎండగట్టండి. నాలుగైదు చెరువులున్నవాళ్ళు వంతులవారీగా ఏటా ఒకటో రెండో ఎండబెట్టుకోవచ్చు.

అసలు ఎండదు, ఊట చెరువు. పాత చేపల్ని ఎలా తీయాలి? ఇప్ప చెక్క మంచిదా, బ్లీచింగ్ మంచిదా?

రెండూ పనిచేస్తాయి, కానీ చేసే పని వేరు. ఇప్ప చెక్క, అంటే ఇప్ప గింజల నూనె తీయగా మిగిలిన పిండి, మన కొండ ప్రాంతంలో దొరికే సరుకు. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్ళకి సుమారు 1000 కిలోలు కావాలి. చేపల్ని చంపుతుంది, తర్వాత ఎరువుగా మారుతుంది. దాని విషం పోవడానికి మూడు వారాలు ఆగాలి. అయితే అది రోగక్రిములను చంపదు.

బ్లీచింగ్ పౌడర్ అదే నీటికి సుమారు 140 కిలోలు పడుతుంది. పాత చేపలతో పాటు బాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది, వారం పది రోజుల్లో నీళ్ళు తేరుకుంటాయి. కిందటేడు రోగం వచ్చిన చెరువైతే నా సలహా బ్లీచింగే. బస్తా కొత్తది కావాలి. మూత తీసి నెలలు గడిచిన బ్లీచింగ్‌లో క్లోరిన్ ఉండదు, సుద్దపొడి మాత్రమే మిగులుతుంది. ఎండలో క్లోరిన్ త్వరగా పోతుంది కాబట్టి సాయంత్రం చల్లండి. సున్నం, బ్లీచింగ్ ఒకేరోజు వెయ్యకండి. సున్నం వల్ల పీహెచ్ (పుల్లదనం, క్షారం చెప్పే కొలత) పెరిగి క్లోరిన్ బలం తగ్గుతుంది. ముందు బ్లీచింగ్, కొన్ని రోజుల తర్వాత సున్నం.

మాది రాయగడ వైపు ఎర్రమట్టి. సున్నం ఎకరానికి ఎంత?

మట్టి పరీక్ష చేయించకుండా సున్నం లెక్క చెప్పకూడదు. మన కొండ ప్రాంతపు ఎర్ర నేలల్లో పుల్లదనం ఎక్కువ, కృష్ణా డెల్టా రైతు వేసిన లెక్క ఇక్కడ చాలదు. మట్టి పీహెచ్ 5 కన్నా తక్కువుంటే ఎకరానికి సుమారు 800 కిలోలు, 5 నుంచి 6 మధ్య ఉంటే 480, 6 నుంచి 6.5 మధ్య 400, 6.5 నుంచి 7 మధ్య 160, ఏడు దాటితే 80 కిలోలు చాలు. మట్టి ఒకచోట కాకుండా చెరువులో ఐదారు చోట్ల తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి ఇవ్వండి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో పరీక్ష చేస్తారు.

పంచాయతీ చెరువు లీజుకి తీసుకున్నాం. ఊరంతా వాడే చెరువులో ఏం జాగ్రత్త పడతాం?

ఇది అందరికన్నా కష్టమైన పరిస్థితి. పశువుల్ని కడుగుతారు, బట్టలు ఉతుకుతారు, విగ్రహాలు నిమజ్జనం చేస్తారు. కంచె వెయ్యడానికి మీకు హక్కు లేదు, వెయ్యాలని చూడకండి కూడా. ఊరితో తగువు పెట్టుకున్న లీజుదారు పెంపకం చెయ్యలేడు.

కుదిరేవి కొన్ని ఉన్నాయి. పశువులకి ఒక రేవు, మనుషులకి ఒక రేవు అని పెద్దల సమక్షంలో మాట్లాడుకోండి. మేత వేసే చోటు రేవులకి దూరంగా పెట్టుకోండి. వేరే చెరువులో వాడిన వల, గాలం, బుట్ట ఇందులో ముంచకూడదన్న ఒక్క మాట మీద మాత్రం గట్టిగా నిలబడండి. ఎందుకో చెబితే ఊళ్ళోవాళ్ళు వింటారు. ఇలాంటి చెరువుల్లో పిల్ల పలచగా వెయ్యడం, సైజు పెద్దది వెయ్యడం మేలు. పురుగుమందు స్ప్రేయర్లు కడగడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు. ఆ నీళ్ళు చేపలకే కాదు, పశువులకీ మనుషులకీ ప్రమాదం.

కాలువ నీళ్ళు నేరుగా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, వడకట్టి. వంశధార, బాహుదా, రుషికుల్య నీళ్ళు మీ దగ్గరికొచ్చేసరికి పైన ఎన్నో చెరువుల నీళ్ళు వాటిలో కలిసి ఉంటాయి. పైపు చివర సన్నకన్ను నైలాన్ వల రెండు పొరలుగా సంచిలా కట్టండి, రోజూ విప్పి దులపండి. పరిగెలు, కొర్రమీను పిల్లలు, వాటి మీద అంటుకున్న రక్తం పీల్చే చేప పేలు అక్కడ ఆగుతాయి. బాక్టీరియా ఆగదు. పై చెరువులో చేప చనిపోతోందని తెలిస్తే ఆ వారం తూము మూసెయ్యండి.

పిల్ల తెచ్చేటప్పుడు

పిల్ల ఎక్కడి నుంచి తెస్తే రోగం రాదు? బెంగాల్ నైహాటీదా, ఆంధ్ర కైకలూరుదా, మన ఒడిశా హేచరీదా?

ఊరి పేరు చూసి నమ్మకండి. హేచరీ అంటే చేప పిల్లని పుట్టించే కేంద్రం. ప్రతి చోటా మంచి హేచరీ ఉంది, చెడ్డదీ ఉంది. దూరం మాత్రం లెక్కలోకి వస్తుంది. ఎక్కువ గంటలు ప్రయాణం చేసిన పిల్ల నీరసించి, చిన్న క్రిమికి కూడా లొంగిపోతుంది. దగ్గర్లో మంచి పిల్ల దొరికితే దానికే ఓటు.

కొనే ముందు హేచరీకి మీరే వెళ్ళండి. తొట్టిలో నీటికి ఎదురీదుతోందా చూడండి. చేతిలోకి తీసుకుంటే ఎగరాలి. ఒక ఇరవై పిల్లల్ని తెల్ల పళ్ళెంలో వేసి మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. పాలిపోయినా, తెల్లని చుక్కలున్నా, బంక కారుతున్నా వద్దు. రెక్కల మొదట్లో, తోక దగ్గర ఏదైనా అంటుకుని ఉందా చూడండి. వారం లోపల ఏ మందు వాడారో అడగండి. "ఏమీ వాడలేదు" అన్న జవాబు కన్నా, ఏది ఎందుకు వాడామో చెప్పే హేచరీయే నాకు నమ్మకం.

లారీ దిగగానే పిల్లని చెరువులో వదిలెయ్యొచ్చా?

వద్దు. ఆ హడావుడిలోనే సగం నష్టం జరుగుతుంది. సంచుల్ని కట్టు విప్పకుండా చెరువు నీటి మీద పదిహేను ఇరవై నిమిషాలు తేలనివ్వండి, లోపలి వేడి బయటి వేడి ఒకటవుతాయి. తర్వాత చెరువు నీళ్ళు కొంచెం కొంచెంగా లోపలికి పొయ్యండి.

ఇప్పుడు అసలు సంగతి. సంచిలోని నీళ్ళు మీ చెరువులో పడకూడదు. పిల్లని చిన్న వలలోకి ఒంపుకుని, ఆ నీటిని గట్టు అవతల, చెరువులోకి పల్లం లేని వైపు పారబొయ్యండి. హేచరీ నుంచి వచ్చే బాక్టీరియా, పేను లార్వా ఆ నీటిలోనే ఎక్కువ. వలలో ఉన్న పిల్లని ఉప్పు నీళ్ళలో ముంచి తియ్యండి. లీటరుకి 20 నుంచి 30 గ్రాముల ఉప్పు, ఒకటి రెండు నిమిషాలు. పిల్ల పక్కకి ఒరిగితే నిమిషం కాకపోయినా వెంటనే తీసెయ్యాలి. ఉప్పు నీళ్ళని నాలుగైదు విడతలకోసారి మార్చండి. తెల్లవారుజామున గానీ సాయంత్రం గానీ చెయ్యాల్సిన పని ఇది, మిట్టమధ్యాహ్నం కాదు.

క్వారంటైన్ అంటే వేరే చెరువు తవ్వాలా?

అక్కర్లేదు. చిన్న నర్సరీ గుంట ఉంటే మంచిది. లేకపోతే అదే చెరువులో ఒక మూల సన్నకన్ను హాపా (నీళ్ళలో కట్టే వల పెట్టె) కట్టి రెండు మూడు వారాలు ఉంచండి. హాపాలో ఉన్నా నీళ్ళు ఒకటే కాబట్టి ఇది పూర్తి రక్షణ కాదు. కానీ రోగం కనిపిస్తే పిల్లనంతా ఒక్క లాగులో బయటికి తీసే అవకాశం ఉంటుంది. చెరువంతా కలిసిపోయాక అది కుదరదు.

ఎకరానికి ఎంత పిల్ల? ఎక్కువ వేస్తే రోగం వస్తుందా?

ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) లేని చెరువులో వేలెడు సైజు పిల్ల ఎకరానికి 2000 నుంచి 4000 మధ్య సరిపోతుంది. అంతకు మించి వేసినంత మాత్రాన రోగం పుట్టదు. కానీ ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా పెరుగుతుంది, చేపలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అప్పటిదాకా చెరువులో ఊరికే ఉన్న క్రిమికి దారి దొరుకుతుంది. పేను కూడా గుంపులోనే వేగంగా పాకుతుంది.

తిలాపియా, ఫంగస్ చేప (పంగాసియస్) వేస్తే రోగాలు తక్కువ అంటున్నారు. నిజమేనా?

పుండ్ల రోగం తిలాపియాకి సాధారణంగా సోకదు, అంతవరకు నిజం. కానీ తిలాపియాకి సొంత వైరస్ ఉంది, తిలాపియా లేక్ వైరస్ అంటారు, మన దేశంలోనూ కనుగొన్నారు. ఫంగస్ చేపకి లోపలి అవయవాల్లో తెల్లని మచ్చలు వచ్చే బాక్టీరియా రోగం ఉంది, చలికాలంలో మేత మానేస్తుంది కూడా. రెండిటికీ మత్స్య శాఖ అనుమతి కావాలి. పిల్లని గుర్తింపు ఉన్న హేచరీ నుంచే కొనాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని, అదే థాయ్ మాగుర్ పేరుతో అమ్మేదాన్ని, పెంచడం నిషేధం. దానికి వేసే కోడి వ్యర్థాలు చుట్టుపక్కల నీళ్ళన్నీ పాడుచేస్తాయి.

పెంపకం మధ్యలో

పొద్దున్నే చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. ఇది రోగమా?

ఎక్కువసార్లు కాదు, ఆక్సిజన్ కొరత. గుర్తుపట్టడం తేలిక. తెల్లవారుజామున ఒకేసారి అన్ని చేపలూ పైకొస్తాయి, ముందు బొచ్చెలు కనిపిస్తాయి, ఎండ పొడవగానే కిందికి దిగిపోతాయి. చనిపోతే పెద్ద చేపలు ముందు పోతాయి. రోగమైతే రోజుకి ఒకటి, రెండు, నాలుగు అని పెరుగుతూ పోతుంది, ఎండ వచ్చినా నీరసంగా గట్టువార తిరుగుతుంది, ఒంటి మీద ఏదో ఒక గుర్తు ఉంటుంది.

ఆక్సిజన్ కొరతకి యాంటీబయాటిక్ వేసి డబ్బు తగలేసినవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఆ పూట మేత ఆపి, ఏరేటర్ వెయ్యండి. లేకపోతే మోటారుతో చెరువు నీళ్ళనే పైకి చిమ్మించండి, కొత్త నీళ్ళు పెట్టండి. మబ్బు పట్టిన రోజుల్లో మేత తగ్గించండి. నీటి ఆక్సిజన్ 5 పీపీఎం (లీటరుకి 5 మిల్లీగ్రాములు) ఉండాలి, 3 కన్నా దిగితే ప్రమాదం. కొలవాల్సింది పగలు కాదు, తెల్లవారక ముందు.

చేప పేను ఏటా వస్తోంది. మందు వేస్తే పోతుంది, నెలలో మళ్ళీ పడుతుంది. ఎందుకు?

ఎందుకంటే మందు పేనుని చంపుతుంది, గుడ్లని చంపదు.

ఆర్గులస్ అనే ఈ పేనుని ఒకసారి దగ్గరగా చూడండి. శీలావతి రెక్క మొదట్లో, గోధుమరంగు పారదర్శకమైన బిళ్ళలా, చదునుగా, పెసరగింజంత ఉంటుంది. వేలితో నెడితే పక్కకి జరుగుతుంది, అప్పుడే అది పొలుసు కాదని తెలుస్తుంది. నోటి ముల్లుతో చర్మం గుచ్చి రక్తం పీలుస్తుంది. గుచ్చిన చోట ఎర్రటి చుక్క పడుతుంది, అక్కడి నుంచే బాక్టీరియా లోపలికి వెళ్ళి పుండవుతుంది. చేపలు వెదురు గుంజలకి ఒళ్ళు రుద్దుకోవడం, నీళ్ళలోంచి ఎగిరెగిరి పడటం మొదటి గుర్తు.

ఆడ పేను చేప మీద గుడ్లు పెట్టదు. కిందికి దిగి మేత సంచుల గుంజలకి, రాళ్ళకి, తూము గోడకి, పాత తాళ్ళకి వరసగా అంటిస్తుంది. మన వేడికి రెండు మూడు వారాల్లో అవి పొదుగుతాయి, చలికి ఇంకా ఆలస్యం. మందు వేసిన నెలకి మళ్ళీ కనిపించేది ఆ కొత్త తరమే.

కాబట్టి మేత గుంజల్ని, సంచుల్ని, తాళ్ళని వారానికోసారి బయటికి తీసి పూర్తిగా ఎండబెట్టండి, రెండో సెట్టు సిద్ధంగా ఉంచుకోండి. కొన్ని వెదురు తడికలు కావాలనే నీళ్ళలో నిలబెట్టి, పేలు గుడ్లు పెట్టాక తీసి ఎండబెట్టడం పాత పద్ధతి, చవక, బాగా పనిచేస్తుంది. మందు తప్పనిసరైతే మత్స్య శాఖ వాళ్ళో శాస్త్రవేత్తో చెప్పిన మోతాదులో, గుడ్లు పొదిగే వ్యవధి చూసి రెండోసారి కూడా వెయ్యాలి. వరి పురుగుమందుల షాపులో దొరికినదాన్ని ఉజ్జాయింపుగా పోయకండి. నీటిలోని ప్లాంక్టన్ (చేప తినే సూక్ష్మజీవులు), రొయ్య అన్నీ పోతాయి, చేప కండలో అవశేషం మిగులుతుంది.

వలలు, డ్రమ్ములు ఎలా శుభ్రం చెయ్యాలి? కడిగితే చాలదా?

చెరువు నీళ్ళతోనే కడిగితే శుభ్రం చేసినట్టు కాదు. ముందు వల దులిపి, ముడుల్లో ఇరుక్కున్న పొలుసులు, బంక, నాచు తీసెయ్యండి. మురికి ఉన్నచోట క్లోరిన్ పనిచేయదు. తర్వాత వంద లీటర్ల డ్రమ్ములో 70 గ్రాముల మంచి బ్లీచింగ్ కలిపి అరగంట నానబెట్టండి. మంచినీళ్ళతో జాడించి, ఎండలో రోజంతా తిరగేస్తూ ఆరబెట్టండి. పూర్తిగా ఎండటమే ముఖ్యం, మడత లోపల తడి ఉంటే క్రిమి బతికే ఉంటుంది. ప్రతి చెరువుకీ సొంత వల కొనలేకపోతే కనీసం నర్సరీకి ఒకటి, పెద్ద చెరువులకి ఒకటి వేరుగా ఉంచండి. రోగమున్న చెరువులో ఆ రోజు పని అన్నిటికన్నా ఆఖర్న పెట్టుకోండి.

కోళ్ళ ఎరువు వేస్తే చేప బాగా పెరుగుతోంది. మానెయ్యాలా?

పచ్చిది మానండి. ఫారం కోళ్ళకి పెట్టిన యాంటీబయాటిక్ అవశేషాలు, సాల్మొనెల్లా లాంటి బాక్టీరియా దానితో పాటే వస్తాయి, ఆక్సిజన్ కూడా పడిపోతుంది. బాగా మాగిన పశువుల ఎరువు కొద్దికొద్దిగా వేసుకోండి.

కొంగలు, నీటికాకులు రోగం తెస్తాయా?

తేవచ్చు. గట్టు మీద చచ్చిన చేప వదిలేస్తే దాన్ని పక్క చెరువులో పడేసేది అవే. చెరువు పైన అడ్డంగా దారాలు కట్టండి, చచ్చిన చేపని పొద్దున్నే ఏరెయ్యండి.

ముందు జాగ్రత్తగా నెలకోసారి యాంటీబయాటిక్ మేతలో కలపమని షాపులో చెప్పారు. కలపాలా?

కలపొద్దు. రోగం లేని చేపకి యాంటీబయాటిక్ వేస్తే అది రోగాన్ని ఆపదు, మీ చెరువులోని బాక్టీరియాకి ఆ మందుని తట్టుకోవడం నేర్పుతుంది. నిజంగా రోగం వచ్చిన రోజున అదే మందు పనిచెయ్యదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు ఆహారంగా పెంచే చేపలకి పూర్తిగా నిషేధం. కొలిస్టిన్‌ని కేంద్ర ప్రభుత్వం 2019లోనే ఆహార జంతువుల్లో, చేపల్లో నిషేధించింది. లేబుల్ మీద మందు పేరు రాయని "గ్రోత్ ప్రమోటర్" డబ్బాలు కూడా కొనకండి, లోపల ఏముందో తెలియదు. సలహా ఇచ్చేవాడే మందు అమ్ముతున్నప్పుడు ఇంకో మాట అడిగి తీరాలి.

చేపలకి టీకా లేదా?

భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలో ఉన్న సిఫా, అంటే కేంద్ర మంచినీటి చేపల పెంపక పరిశోధన సంస్థ, తల్లి చేపలకి వేసే టీకా ఒకటి తెచ్చింది. దానివల్ల ఆ తల్లుల పిల్లల్లో చావులు తగ్గుతాయి. అది హేచరీ వాళ్ళ కోసం, మీ చెరువులోని చేపల కోసం కాదు.

వానలు, వరద, చలికాలం

తుపానుకి గట్టు మునిగింది. బయటి చేపలు, బయటి నీళ్ళు అన్నీ కలిసిపోయాయి. ఇప్పుడేం చెయ్యాలి?

2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018లో గజపతి జిల్లాని ముంచిన తిత్లీ చూసినవాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. రెండూ అక్టోబరులోనే వచ్చాయి, చలికి ముందు. అంటే వరద తగ్గిన కొన్ని వారాలకే రోగాల కాలం మొదలవుతుంది.

నీరు దిగగానే గట్టు గండ్లు పూడ్చి, తూములకి వలలు మళ్ళీ కట్టండి. చచ్చినవి, కొట్టుకొచ్చిన చెత్త తీసెయ్యండి. రెండు మూడు రోజులు మేత బాగా తగ్గించండి. వల లాగి చెరువులో ఏముందో చూడండి, కొర్రమీను, పరిగెలు కనిపిస్తే తీసెయ్యండి. పుండ్ల రోగం ముందు వాటికే వస్తుంది. నీటి పీహెచ్ కొలిచి, ఎకరానికి 40 నుంచి 50 కిలోల సున్నం నీళ్ళలో కలిపి చల్లార్చి చల్లండి. వరదలో కొట్టుకొచ్చిన చేపల్ని పట్టి కొత్తగా చెరువులో వేసుకోవాలన్న ఆశ మాత్రం వద్దు.

చలికాలంలో ఒంటి మీద ఎర్రటి పుండ్లు. ఇది ఏ రోగం?

చాలావరకు ఈయూఎస్, మనవాళ్ళు పుండ్ల రోగం అంటారు. ఏఫనోమైసిస్ ఇన్‌వడాన్స్ అనే బూజు లాంటి జీవి దీనికి మూలం. 1988లో ఈశాన్య రాష్ట్రాల వైపు నుంచి మన దేశంలోకి వచ్చింది. వానల తర్వాత నీళ్ళు చల్లబడి, క్షారత్వం తగ్గినప్పుడు విజృంభిస్తుంది. ముందు ఎర్రటి చుక్క, తర్వాత పొలుసులు రాలి, కండ కనిపించేంత లోతు పుండు. కొర్రమీను, పరిగె ముందు, తర్వాత మోసు, శీలావతి, బొచ్చె.

నవంబరులోనే సున్నం చల్లి నీటిని సిద్ధం చేసుకోవడం దీనికి ముందుజాగ్రత్త. రోగం కనిపిస్తే సిఫా వాళ్ళ సిఫాక్స్ మందు ఉంది, హెక్టారు చెరువులో మీటరు లోతు నీటికి లీటరు, ఎకరానికైతే సుమారు 400 మిల్లీలీటర్లు. నీళ్ళలో బాగా కలిపి చెరువంతా చల్లాలి. లోతుగా పుండు పడినవి కోలుకోవు, వాటిని తీసెయ్యడమే మంచిది. అన్ని పుండ్లూ ఇదే రోగం కాదు, పేను గుచ్చిన చోట బాక్టీరియా చేరినా అలాగే కనిపిస్తుంది. అందుకే పరీక్ష అవసరం.

చేపలు చనిపోతున్నప్పుడు

మొదటి రోజు ఏం చెయ్యాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

ఆ టెన్షన్‌లోనే చేతికందిన మందు పోసేస్తారు. ముందు మేత ఆపండి. ఆక్సిజన్, పీహెచ్, అమ్మోనియా కొలవండి. ఆ చెరువు నీళ్ళు బయటికి గానీ పక్క చెరువులోకి గానీ వదలకండి. ఆ చెరువు వల, బుట్ట, పడవ అక్కడే ఉంచండి. ఎన్ని చనిపోయాయి, ఏ రకం, ఏ సైజు, ఒంటి మీద ఏ గుర్తు, పుస్తకంలో రాయండి. ఫోనులో మొప్పల ఫోటో, పుండు ఫోటో తీసిపెట్టుకోండి. మందు అనేది ఈ పనులన్నీ అయ్యాకే.

పొటాషియం పర్మాంగనేట్ వెయ్యమని అందరూ చెబుతారు. లెక్క తెలిసి వెయ్యండి. ఎకరం, మీటరు లోతు నీటికి 1 పీపీఎం అంటే సుమారు 4 కిలోలు. ఐదడుగుల లోతుంటే 6 కిలోలు. ఆక్సిజన్ తక్కువున్న తెల్లవారుజామున వేస్తే ఉన్న చేప కూడా పోతుంది.

పరీక్షకి చేప ఎక్కడికి పంపాలి, ఎలా పంపాలి?

చచ్చి ఉబ్బిన చేపతో ఏ ల్యాబూ ఏమీ చెప్పలేదు. ప్రాణంతో ఉండి, నీరసంగా తిరుగుతున్న మూడు నాలుగు చేపల్ని ఆక్సిజన్ నింపిన సంచిలో, చెరువు నీటితోనే పంపాలి. ఇంకో సీసాలో చెరువు నీళ్ళు కూడా ఇవ్వండి. బరంపురం దగ్గర రంగైలుండలో మత్స్య కళాశాల ఉంది, కౌసల్యగంగలో సిఫా ఉంది. బ్లాకులో మత్స్య శాఖ అధికారికి ముందు ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. 2023 జూన్‌లో కేంద్రం "రిపోర్ట్ ఫిష్ డిసీజ్" అనే యాప్ తెచ్చింది, ఫోటోలతో సహా అందులో తెలియజేయొచ్చు. భాష దగ్గర ఆగిపోకండి. ఒడియా రాయడం రాకపోయినా పక్కింటి పిల్లల సాయంతో ఒక్క పేజీ రాయించుకోవచ్చు. అక్కడ చేప పేర్లు మాత్రం రోహి, భాకుర, మిరికాళి అని చెప్పండి. శీలావతి, బొచ్చె, మోసు అంటే తికమక పడతారు.

చచ్చిన చేపల్ని ఏం చెయ్యాలి? కాలువలో పడేస్తే పోతాయి కదా.

కాలువలో పడేస్తే కింది రైతు చెరువులో తేలతాయి. చెరువుకి, బావికి దూరంగా, ఎత్తైన చోట మీటరు లోతు గొయ్యి తీసి, పొరపొరకీ సున్నం చల్లి పూడ్చండి. కుక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పెట్టండి. పందులకి, కోళ్ళకి వెయ్యొద్దు. ఎండు చేపగా మార్చి అమ్మొద్దు.

పక్క రైతుకి చెప్పాలా? చెబితే వ్యాపారి నా చేప కొనడేమో.

చెప్పాలి. భయం అర్థమవుతుంది, ధర పడిపోతుందన్నది నిజమైన భయమే. కానీ మీరు చెప్పకపోయినా అదే కాలువ, అదే వల, అదే కూలీలు రోగాన్ని మోసుకెళ్తారు. నెల తర్వాత అక్కడి నుంచి అది తిరిగి మీ కొత్త పిల్లకే వస్తుంది. ఒక కాలువ మీద ఉన్న రైతులంతా ముందే ఒక మాట అనుకోవాలి, రోగం చెప్పినవాణ్ణి తప్పుపట్టకూడదని. అలా అనుకున్న చోట నష్టం ఒక చెరువుతో ఆగుతుంది.

పుండున్న చేప తింటే మనకి జబ్బు వస్తుందా?

పుండ్ల రోగం మనుషులకి సోకదు. అయినా అలాంటి చేప అమ్మకూడదు, కండ పాడై ఉంటుంది. చేతికి గాయముంటే గ్లౌజులు లేకుండా జబ్బు చేపని ముట్టుకోకండి, ఏరోమోనాస్ లాంటి బాక్టీరియా గాయంలోకి చేరితే చెయ్యి వాచిపోతుంది.

పట్టుబడి సమయంలో

ఛాడఖాయికి అమ్మడానికి చేప ఆపుకుంటాం. ఆ వారంలోనే రోగం ఎందుకు పాకుతుంది?

కార్తీకమంతా ఇక్కడ చాలా ఇళ్ళలో చేప వండరు, చివరి ఐదు రోజులు, అంటే పంచుకలో అసలే ముట్టరు. పౌర్ణమి దాటిన మర్నాడు ఛాడఖాయి, ఆ రోజు చేప ధరకి ఆకాశమే హద్దు. అందుకని నెలంతా చెరువులో చేప బరువు పెరుగుతూ ఉంటుంది, నీళ్ళు చల్లబడుతూ ఉంటాయి. ఆ రెండు మూడు రోజుల్లో ఒకే వల బృందం ఊరూరా తిరుగుతుంది. రాత్రి ఒక చెరువు, తెల్లారేసరికి ఇంకోటి. వల ఆరే సమయమే ఉండదు. మిగిలిన చేపలు వలకి రాసుకుని పొలుసులు పోగొట్టుకుంటాయి. ఆ గాయానికి, పక్క ఊరి నుంచి తడివలతో వచ్చిన క్రిమికి అక్కడే జత కుదురుతుంది.

వలబృందాన్ని ముందుగా మాట్లాడుకుని మొదటి చెరువు మీదే అయ్యేలా చూసుకోండి. అది కుదరకపోతే మీ సొంత వల ఇవ్వండి. అదీ లేకపోతే గట్టు మీద బ్లీచింగ్ డ్రమ్ము సిద్ధంగా పెట్టి, వలని ముంచి జాడించాకే దిగనివ్వండి. వ్యాపారి విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. పట్టుబడి తర్వాత మిగిలిన చేపకి రెండు రోజులు మేత తగ్గించి, సున్నం చల్లి, వారం పాటు రోజూ చూడండి.

వ్యాపారి ఐసు పెట్టెలు మా చెరువులోనే కడుగుతున్నాడు. ఏమైనా అవుతుందా?

అవుతుంది, ఇది చాలామంది పట్టించుకోని దారి. ఆ థర్మాకోల్ పెట్టెల్లో నిన్న ఎక్కడి చేపో ఉంది. అడుగున ఎర్రటి ఐసు నీళ్ళు, పొలుసులు, మొప్పల బంక, అన్నీ మీ చెరువులోకి వెళ్తాయి. ఐసు చాలా క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది. బండి గట్టు బయట ఆపాలి. పెట్టెలు కడగడానికి ఒక ట్యాంకు నీళ్ళు, కడిగిన నీళ్ళు ఇంకడానికి ఒక గుంట, ఈ రెండూ మీరే ఏర్పాటు చెయ్యండి. కుళాయి చూపించాక చెరువులో కడగొద్దంటే ఎవరూ కాదనరు.

పంట అయిపోయింది. చెరువు నీళ్ళు ఎప్పుడు వదలొచ్చు?

రోగం లేని పంటైతే అడుగు బురద పోకుండా పై నీళ్ళు మెల్లగా వదలండి. రోగంతో పోయిన పంటైతే నీటిని ఆపి, బ్లీచింగ్ వేసి, కనీసం వారం పది రోజులు ఉంచి, క్లోరిన్ పోయిందని తేలాకే వదలాలి. గంజాం తీరంలో రొయ్యల చెరువులున్నవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. తెల్లమచ్చ వైరస్ వచ్చిన నీళ్ళు క్రీకులోకి (సముద్రపు పాయలోకి) వదిలితే, అదే క్రీకు నుంచి నీళ్ళు తోడుకునే ప్రతి చెరువుకీ అది చేరుతుంది.

పుస్తకంలో రాయడం వల్ల నిజంగా లాభం ఉందా?

ఉంది. పిల్ల ఎక్కడి నుంచి ఏ తేదీన వచ్చింది, ఎవరి వల దిగింది, ఏ మందు ఎంత వేశారు, రోజుకి ఎన్ని చచ్చాయి, ఈ నాలుగూ రాసి ఉంటే రోగం ఏ దారిన వచ్చిందో వెనక్కి వెతకొచ్చు. కేంద్రం 2024లో ఆమోదించిన మత్స్య కిసాన్ సమృద్ధి పథకంలో చేపల చెరువులకి బీమా ఉంది. దానికి జాతీయ మత్స్య డిజిటల్ ప్లాట్‌ఫామ్‌లో పేరు నమోదు చేసుకోవాలి. నష్టం జరిగినప్పుడు చూపించడానికి మీ దగ్గర మిగిలేది ఆ పుస్తకం, పిల్ల కొన్న రసీదు, ల్యాబు కాగితం. లీజు చెరువైతే లీజు పత్రం కూడా వాటితో పాటే ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచండి.